సముద్రము కంటె ముందుగా ఉప్పు వచ్చును



జెముడు అనగానే మనకందరికి ఒకే తలంపు వచ్చును. దానికి నీళ్లు పోయనక్కరలేదు, ఎరువు వేయనక్కరలేదు. ఎండకు వాడదు, మేకలు దాని జోలికి పోవు. నరికి గట్టు మీద పారవేసిన ముక్క కూడ వాన పడగానే వేరు తన్ని లేచును. ఇటువంటి మొక్కకు ముప్పు కలుగునని ఎవరైన చెప్పినయెడల మనము నవ్వుదుము.

అయితే అమెరికా దేశములో సముద్రపు ఒడ్డున పెరిగిన ఒక జెముడు చెట్టు ఇటీవల ఆ దేశపు అడవిలో లేకుండ పోయినది. గొడ్డలి దానిని నరకలేదు, అగ్ని దానిని కాల్చలేదు. దాని కాలి క్రింది మన్ను ఉప్పగా మారినది, కొంత కొట్టుకొనిపోయినది. పెరుగుచున్న సముద్రము వలన ఆ దేశములో ఒక జాతి పూర్తిగా స్థానము కోల్పోవుట మనకు తెలిసినంతలో ఇదే మొదటిసారి అని శాస్త్రజ్ఞులు 2024 జూలైలో ప్రకటించిరి. తీరమునకు దగ్గరగా బ్రదుకుచున్న మన కుటుంబములు ఈ సంగతి తెలిసికొనుట మంచిదని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

జెముళ్లు ఎక్కడివి?

మొదట ఒక మాట. మన ఊళ్లలోని నాగజెముడు మన దేశపు మొక్క కాదు. జెముడు కుటుంబమంతయు, ఒక్క జాతి తప్ప, అమెరికా ఖండములలోనే పుట్టినది. నాగజెముడు అక్కడనుండి ఓడల మీద మన దేశమునకు చేరినది. ఇక్కడ దానిని తిను పురుగు లేనందున పొలములను, బీళ్లను విచ్చలవిడిగా ఆక్రమించినది. దానిని అదుపు చేయుటకు 1926లో ఒక జాతి పురుగును తెప్పించి దక్షిణ దేశములో విడిచిరి. ఆ పురుగు జెముడు రసము పీల్చి బ్రదుకును. చాలచోట్ల అది జెముడును అణచినది.

ఒక జెముడు అడ్డు లేక లోకమంతట ప్రాకినది. మరియొక జెముడు పుట్టిన చోటనే నిలువలేకపోయినది. రెండును ఒకే కుటుంబము. కుటుంబమంతయు మొండిదైనను అందులోని ప్రతి జాతికి దాని నేల, దాని నీరు, దాని హద్దు వేరుగా నుండును. ఇప్పుడు మనము చూడబోవు చెట్టు హద్దు మిక్కిలి ఇరుకైనది.

కీ లార్గో చెట్టు జెముడు

అమెరికాకు ఆగ్నేయపు కొనను ఫ్లోరిడా రాష్ట్రమున్నది. దాని దక్షిణపు చివర సముద్రములోనికి చిన్న చిన్న దీవుల వరుస వంపు తిరిగి సాగును. ఒకప్పుడు సముద్రములో పెరిగిన పగడపు దిబ్బలే ఎండి సున్నపురాయియై ఈ దీవులలో అనేకమైనవి. ఆ వరుసలో పెద్ద దీవి పేరు కీ లార్గో. పేరుకు పెద్దదే గాని, అందులో అన్నిటికంటె ఎత్తయిన చోటు కూడ సముద్రమునకు సుమారు 15 అడుగుల పైన మాత్రమే యున్నది. మన పల్లెలలో రెండు తాటాకు ఇండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు కూడ లేదు.

ఆ దీవిలో మడ అడవి నడుమ ఒక చిన్న సున్నపురాతి మెట్ట యున్నది. ఆ మెట్ట మీద 1992లో ఒక జెముడు చెట్ల గుంపు కనబడినది. అక్కడి దీవులలోనే పెరిగే మరియొక చెట్టు జెముడు అప్పటికే తెలిసినది. అది అపాయములో నున్న జాతి అని 1984లోనే ప్రభుత్వపు జాబితాకెక్కినది. కీ లార్గోలో దొరికినది దాని గుంపేనని చాలకాలము అనుకొనిరి. తరువాత నిదానముగా పరిశీలింపగా ఇది వేరు జాతియని తేలినది. దాని శాస్త్రీయ నామము పైలోసోసీరియస్ మిల్స్‌పాయీ. కరీబియన్ సముద్రపు దీవులలో, అనగా క్యూబా ఉత్తర భాగములోను బహామా దీవులలో కొన్నిటిలోను, ఇది పెరుగును. అమెరికా దేశములో మాత్రము కీ లార్గోలోని ఈ ఒక్క చోటనే యుండెను.

ఇది మన నాగజెముడువలె నేలబారు పొద కాదు. స్తంభములవంటి కాండములతో 20 అడుగులకు పైగా లేచును. పువ్వు, కాయ పుట్టు చోట తెల్లని నూగు దట్టముగా పెరిగి, దూది అద్దినట్లు కనబడును. మీగడరంగు పూలు చీకటిలో విచ్చుకొనును. వాటి వాసన వెల్లుల్లి వాసనను పోలియుండును. ఆ వాసనకు, వెన్నెలలో మెరయు ఆ తెలుపునకు గబ్బిలములు వచ్చి పుప్పొడి మోయును. ఎర్రగా, ఊదాగా పండిన కాయలను పక్షులును జంతువులును తిని విత్తనములను చల్లును. ఇట్లు ఎన్నో ప్రాణుల సహాయముతో ఆ మెట్ట మీద ఆ గుంపు నిలిచియుండెను.

మన్ను తరిగిపోవుట

రాతి మీద చెట్టు ఎట్లు పెరిగినది? ఆ మెట్ట మీద ఆకులు కుళ్లి ఏర్పడిన పలుచని మన్ను పొర యుండెను. జెముడు వేళ్లు లోతుగా దిగవు. పైపైననే పరచుకొని, వాన పడిన కొద్ది గంటలలో నీటిని పీల్చి కాండములో దాచుకొనును. కావున ఆ కొద్దిపాటి మన్నే ఆ చెట్టునకు ఆధారము.

తుఫానుల ఉప్పెనలు, సాధారణముగా రాని పెద్ద పోట్లు ఆ మన్నును కొంచెము కొంచెముగా కడిగివేసినవి. అంతకుముందు మడ చెట్ల క్రింద ఉప్పు నేలలో మాత్రమే పెరిగిన మొక్కలు మెల్లగా మెట్ట మీదికి ప్రాకసాగినవి. ఇది చూచుటకు చిన్న సంగతి. అయితే తీరములో బ్రదుకువారికి ఇది ఒక గురుతు. ఉప్పు నేల మొక్క ఒక గట్టు ఎక్కినదనిన, ఆ గట్టులోనికి ఉప్పు అంతకుముందే ఎక్కినదని అర్థము.

ఫ్లోరిడాలోని ఫెయిర్‌చైల్డ్ ట్రాపికల్ బొటానిక్ గార్డెన్ అను వృక్షశాలవారు 2007 నుండి ఆ దీవులలోని చెట్టు జెముళ్లన్నిటిని ప్రతి సంవత్సరము లెక్కించుచు వచ్చిరి. వారి లెక్కలే ఈ కథను మనకు తెలిపినవి. 2011లో పెద్ద పోట్ల వలన ఉప్పునీరు ఆ చోటికి ఎక్కుట వారు గమనించిరి.

2015లో వారు వెళ్లి చూడగా మరియొక కీడు ఎదురైనది. చిన్న జంతువులు ఆ జెముళ్లను కొరికి తినివేసినవి. గుంపులో దాదాపు సగము నశించినది. ముండ్లున్న జెముడును జంతువులు ఇంతగా తినుట ఆ దీవులలో మరెక్కడను వారు చూచియుండలేదు. ఎందుకిట్లు జరిగినదో వారు గట్టిగా చెప్పలేదు. అయితే చుట్టుప్రక్కల మంచినీరంతయు ఉప్పగా మారగా, దప్పిగొనిన జంతువులు జెముడులో నిలువయున్న నీటికొరకు దానిని తినియుండవచ్చునని వారి అనుమానము. నీటిని దాచుకొనుటయే జెముడునకు బలము. నీరు కరవైనచోట ఆ బలమే దానికి శత్రువులను తెచ్చిపెట్టినది. అప్పుడు దెబ్బతిన్న కాండములనుండి ముక్కలు తెచ్చి వృక్షశాలలో నాటిరి. ఈ పని ఎంత విలువైనదో తరువాత తెలిసినది.

దెబ్బ మీద దెబ్బ

2017 సెప్టెంబరు 10న ఇర్మా అను పెను తుఫాను ఆ దీవులను తాకినది. దక్షిణ ఫ్లోరిడాలో 5 అడుగుల ఉప్పెన లేచినది. 15 అడుగులకు మించి ఎత్తులేని దీవికి 5 అడుగుల ఉప్పెన ఎంతటిదో మనమే ఊహించుకొనవచ్చును. కీ లార్గోలో చాల భాగము రోజుల తరబడి నీటిలో నుండెను. ఆ దీవులలో కొన్నిచోట్ల అడవి జంతువులకు మంచినీరు లేకపోగా, పిల్లలు ఆడుకొను ప్లాస్టిక్ తొట్లలో నీళ్లు పోసి పెట్టవలసి వచ్చెను.

2019లో తుఫాను లేకుండనే, పెద్ద పోట్ల వలన ఆ దీవిలోని పల్లపు భాగములు మూడు నెలలకు పైగా నీట మునిగియుండెను. గాలి లేదు, వాన లేదు; సముద్రము నెమ్మదిగా పైకి వచ్చి దిగిపోక నిలిచినది.

2021లో శాస్త్రజ్ఞులు మరల వెళ్లిరి. ఒకప్పుడు 150 కాండములతో నిండుగానున్న గుంపులో ఆరు ముక్కలు మాత్రము మిగిలెను. అవియును జబ్బుపడి వాడియుండెను.

అక్కడ వారి ముందు కష్టమైన ప్రశ్న నిలిచినది. ఆ ఆరింటిని అక్కడనే వదలినయెడల అవి చచ్చుట నిశ్చయము. తీసికొనిపోయినయెడల అమెరికా అడవిలో ఆ జాతి ఇక లేనట్లే. తమ చేతులతోనే ఆ గుంపునకు ముగింపు పలికినట్లగును. రోగిని ఇంటినుండి ఆసుపత్రికి తీసికొనిపోవునప్పుడు, మరల ఈ గడప తొక్కునో లేదో అని కుటుంబమువారికి కలుగు బాధ మనకు తెలియును. వారు పచ్చగా మిగిలిన ప్రతి ముక్కను తీసికొని వృక్షశాలకు చేర్చిరి. ఆ మెట్ట ఖాళీ అయినది. మొక్క మాత్రము బ్రదికినది.

జెన్నిఫర్ పాస్లీ, జేమ్స్ లాంజ్, అలన్ ఫ్రాంక్ మొదలైన వృక్ష శాస్త్రజ్ఞులు ఈ సంగతులన్నిటిని క్రోడీకరించి 2024లో ప్రచురించిరి. నేరమంతయు ఒక్క కారణము మీద మోపలేదు. మన్ను కోత, ఉప్పు, జంతువులు, తుఫాను, పోట్లు అన్నియు కలిసి పనిచేసినవని వారు చెప్పిరి. అయితే వాటిలో అనేకమైన వాటి వెనుక పెరుగుచున్న సముద్రము నిలిచియున్నది.

ఉప్పు చేయు పని

సముద్రపు నీరు వచ్చి పోయిన తరువాత కూడ చెట్టు ఎందుకు చచ్చును? ఈ సంగతి తీరపు రైతునకు చెప్పనక్కరలేదు గాని, మెట్ట ప్రాంతపు పాఠకుల కొరకు వివరింతుము.

వేరు నీటిని పీల్చుకొనవలెననిన వేరులోని రసము కంటె మంటిలోని నీరు పలుచగా నుండవలెను. మంటిలో ఉప్పు పెరిగినప్పుడు ఆ నీరు వేరులోనికి సులువుగా పోదు. చుట్టు తడియున్నను చెట్టు దప్పితోనే యుండును. మామిడికాయ ముక్కకు ఉప్పు పట్టించిన తరువాత ముక్కలోని నీరు బయటికి ఊరుట మన స్త్రీలందరు ఎరుగుదురు. వేరుకు జరుగునదియు అటువంటిదే. ఇదియు గాక లోపలికి చేరిన ఉప్పు చెట్టులో పోగుపడి విషమువలె పనిచేయును.

ఆ దీవులలోనే నున్న మొదటి చెట్టు జెముడు మీద జరిపిన పరిశోధన ఈ మాటను బలపరచినది. ఉప్పెన వచ్చిపోయిన తరువాత సంవత్సరములలో, చచ్చుచున్న జెముళ్ల క్రింది మంటిలో ఉప్పు ఎక్కువగాను, బ్రదికియున్న వాటి క్రింద తక్కువగాను ఉండెను. నీరు తీసినంత మాత్రమున ఉప్పు తీయదు.

దానిని కడుగగలిగినది వానయే. ఒక ఉప్పెనకు, ఇంకొక ఉప్పెనకు నడుమ చాలినన్ని మంచి వానలు పడినయెడల మన్ను మరల తియ్యనగును, చెట్టు తేరుకొనును. పూర్వము ఆ దీవులకు తుఫానులు లేకపోలేదు. ఎన్నో తుఫానులను ఈ చెట్లు ఓర్చుకొన్నవి. ఇప్పుడు వచ్చిన తేడా ఏమనగా, నడుమనున్న విరామము తగ్గిపోయినది. సముద్రపు మట్టము కొద్దిగా పెరిగినను, పూర్వము మెట్ట అంచున ఆగిన పోటు ఇప్పుడు మెట్ట మీదికి ఎక్కుచున్నది. ఒక గాయము మానకముందే దాని మీద మరియొక గాయము పడుచున్నది. జెముడు ఒక్క ఉప్పెనకు చావలేదు. తేరుకొనుటకు సమయము దొరకక చచ్చినది.

సముద్రము ఎందుకు పెరుగుచున్నది?

బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చుట వలన గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుచున్నది. ఆ వేడిలో అధిక భాగము సముద్రములోనికి పోవును. వేడెక్కిన నీరు ఉబ్బును. మరియు కొండల మీద, ధ్రువ ప్రాంతములలో నున్న మంచు కరిగి సముద్రములో కలియును. 1901 నుండి 2018 లోపల లోకమందలి సముద్ర మట్టము సగటున 20 సెంటీమీటర్లు, అనగా జానెడు పెరిగినది. 2006 నుండి 2018 వరకు సంవత్సరమునకు 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినది. పూర్వపు వేగము కంటె ఇది ఎక్కువ.

జానెడు పెద్ద కొలత కాదని మనకు తోచవచ్చును. కొండ మీది ఊరికి అది లెక్కలోనిది కాదు. చదునైన తీరములో మాత్రము నిలువున జానెడు పెరిగిన నీరు అడ్డముగా ఎంతో దూరము ప్రాకును. ఫ్లోరిడా దీవులలో మరియొక చిక్కున్నది. అక్కడి సున్నపురాయి నిండ రంధ్రములు గనుక గోడ కట్టినను నీరు క్రిందనుండి ఊరును. చెట్లు మెరక చోటికి జరుగవలెననిన ఆ మెరక మీద ఇండ్లు, రోడ్లు ఉన్నవి.

ఇది జెముడు ఒక్కదానికి వచ్చిన కష్టము కాదు. ఆస్ట్రేలియాకు ఉత్తరమున బ్రాంబుల్ కే అను చిన్న ఇసుక దీవిలో మాత్రమే బ్రదికిన ఒక జాతి ఎలుక 2009 తరువాత ఎవరికిని కనబడలేదు. ఉప్పునీరు మరల మరల దీవిని ముంచి దాని మేతను నాశనము చేసినది. ఆ జాతి అంతరించినదని 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ప్రకటించినది. ఆ ఎలుకను వేరొక చోట పెంచియుండలేదు. జెముడును పెంచిరి. రెండు కథలకు ఉన్న తేడా ఇదే.

మన తీరము మాట

ఇంత దూరపు సంగతి మనకేల అని కొందరు అడుగవచ్చును. ఉప్పెన అను మాటకు అర్థము మనకు నిఘంటువులో చూడనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనలో పది వేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నీరు తీసిన తరువాత పొలములలో మిగిలిన ఉప్పు సంగతి అక్కడి పెద్దలు నేటికిని చెప్పుదురు. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రము ఇండ్లను, రోడ్డును కోసివేయుట ఏటేట చూచుచున్నాము.

కోత కంటికి కనబడును. దానికి రాళ్లు వేయుదురు, పత్రికలు ఫోటోలు వేయును. అయితే కీ లార్గో జెముడు మనకు నేర్పునది వేరు. సముద్రము గడపకు రాకముందే ఉప్పు బావిలోనికి, మడిలోనికి వచ్చును. బావి నీరు చప్పదనము మారి కొంచెము ఉప్పగా తోచును. వరి ఆకు కొసలు ఎండును. గట్టున ఉప్పు నేల మొక్కలు మొలచును. బోర్లతో మంచినీటిని ఎక్కువగా తోడినచోట, ఉప్పునీటి చెరువులు పొలములను ఆనుకొన్నచోట ఇది ఇంకను త్వరగా వచ్చును. అట్టి గురుతులు కనబడినయెడల "ఈ ఏడు వానలు సరిగా లేవులే" అని ఊరకుండక, మన్నును నీటిని వ్యవసాయ శాఖవారి పరీక్షకు పంపుట మంచిది. కాలువ నీరున్న కాలములో పొలము నిండ పెట్టి, ఉప్పుతో కూడ ఆ నీటిని వదలివేయుట మన రైతులు ఎరిగిన పద్ధతియే. జెముడునకు లేని ఈ సౌకర్యము మనకున్నది. మురుగు కాలువలు పూడిపోయినయెడల మాత్రము ఆ సౌకర్యమును పోగొట్టుకొందుము.

మడ అడవుల మాట కూడ చెప్పవలెను. పోటు వేగమును అవి తగ్గించును, మన్నును పట్టి యుంచును. కట్టెలకొరకు, చెరువులకొరకు మడను నరికిన తీరము తన కంచెను తానే పీకివేసినట్లు.

మిగిలిన మొక్కలు

ఇప్పుడు కీ లార్గో జెముడు ఎక్కడనున్నది? ఫ్లోరిడా వృక్షశాలలో మనుష్యుల చేతి క్రింద పెరుగుచున్నది. దానిని మరల అడవిలో నాటవలెనని రాష్ట్ర అధికారులతో ఆలోచన జరుగుచున్నట్లు 2024లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. అది సులభము కాదు. ఉప్పు చేరని మెరక కావలెను, సరియైన నేల కావలెను, రేపు కూడ ఉప్పు చేరదను నమ్మకము కావలెను. దక్షిణ ఫ్లోరిడాలో పుట్టిన మొక్క జాతులలో నాలుగింట ఒక వంతు ఇప్పటికే పోయినవి లేక పోవుటకు సిద్ధముగా నున్నవని అక్కడివారు చెప్పుచున్నారు. వాటిలో ఈ జెముడు ముందు నడచినది.

ప్రియులారా, ఈ కథలో మనము గట్టిగా పట్టుకొనవలసినవి రెండున్నవి. మొదటిది, కొందరు 14 సంవత్సరములు విసుగక ప్రతి ఏడు వెళ్లి ఆ కాండములను లెక్కించిరి. వారు లెక్కించనియెడల ఆ చెట్టు ఎప్పుడు పోయినదో, ఎందుకు పోయినదో ఎవరికిని తెలిసియుండదు. రెండవది, సగము మిగిలియుండగనే ముక్కలు తెచ్చి నాటిరి. అంతయు పోయిన తరువాత దుఃఖించుటకంటె, సగమున్నప్పుడే విత్తనమును భద్రపరచుట మేలు.

మన ఊరి పొలిమేరలో కూడ ఒకప్పుడు విరివిగా నుండి ఇప్పుడు పలుచబడిన చెట్లున్నవి, పాత విత్తనములున్నవి, తియ్యని నీరున్న బావులున్నవి. ఈ సంవత్సరము మీ ఇంటి పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లి వాటిని లెక్కించి ఒక నోటు పుస్తకములో వ్రాసి యుంచుడి. బావి నీటి రుచి ఏ నెలలో ఎట్లున్నదో కూడ వ్రాయుడి. వచ్చే సంవత్సరము మరల వెళ్లుడి. రెండు లెక్కలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినప్పుడు, మీ నేలకు ఇంకను ఎంత సమయమున్నదో మీకే తెలియును.